బెంగళూరులో కొత్త తోటకి గులాబీలు: ఏ రకం జబ్బు పడకుండా నిలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, సర్జాపూర్ రోడ్డు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్న మనవాళ్లు గృహప్రవేశం అయిన నెలకల్లా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు ఒక్క ముక్కే, కొన్నింటికి కాస్త కూర్చుని చదవాలి.

ముందు సూటిగా చెప్పండి, ఏ గులాబీ కొనాలి?

తెల్లది కావాలంటే ఐస్‌బర్గ్. పింక్ కావాలంటే క్వీన్ ఎలిజబెత్. ఎరుపు కావాలంటే గ్రూస్ అన్ టెప్లిట్జ్. వాసనకీ పూజకీ అయితే మన ఎడ్వర్డ్ గులాబీ. చిన్న కుండీలకి బటన్ రోజ్. ఈ ఐదింటితో మొదలుపెట్టినవాళ్లు రెండో ఏడాది కూడా తోటలో గులాబీలు చూస్తారు.

పేర్ల కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఏ రకమైనా సెప్టెంబరులో దాని ఆకులు ఎలా ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి. జనవరిలో ఈ ఊళ్లో ఏ గులాబీ అయినా అందంగానే ఉంటుంది, అప్పుడు పువ్వు చూసి కొంటే ఆ మొక్క సంగతి మీకేమీ తెలియనట్టే.

బెంగళూరు వాతావరణం గులాబీలకి చాలా మంచిదంటారు కదా, మరి ఆకులు ఎందుకు రాలిపోతాయి?

రెండూ నిజమే. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఎండాకాలం మన విజయవాడ, కర్నూలులా మాడ్చదు, చలికాలం గడ్డకట్టదు, ఏడాదంతా గులాబీ పూస్తూనే ఉంటుంది. అయితే గులాబీకి నచ్చిన వాతావరణమే నల్లమచ్చ తెగులుకీ నచ్చుతుంది. ఆకు మీద ఏడు గంటలపాటు తడి ఆరకుండా ఉంటే చాలు, ఆ శిలీంధ్రం లోపలికి దిగుతుంది. దానికి కావాల్సిన వేడి 18 నుంచి 25 డిగ్రీల మధ్య, అంటే వానాకాలంలో బెంగళూరు రాత్రీ పగలూ ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. సాయంత్రం వాన పడి, రాత్రంతా ఆకు తడిగా ఉండి, పొద్దున ఎనిమిదింటికి కూడా ఎండ రాకపోతే ఇంకేం కావాలి దానికి!

మే నెల జల్లులతో మొదలై సెప్టెంబరు, అక్టోబరుకి తెగులు ముదురుతుంది. ఆకు మీద గుండ్రంగా, అంచులు చెదిరినట్టుండే నల్లమచ్చలు వస్తాయి, మచ్చ చుట్టూ పసుపు తిరుగుతుంది, తర్వాత ముట్టుకుంటే రాలిపోతుంది. నేల మీద పడిన పాత ఆకుల నుంచి వాన చినుకులు చిమ్మి తెగులు పైకి వెళ్తుంది కాబట్టి ముందు కింది ఆకులే పోతాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బూడిద తెగులు వంతు. దానికి ఆకు తడవక్కర్లేదు, చల్లటి రాత్రులూ గాల్లో తేమా ఉంటే చాలు, లేత చిగుళ్లు తెల్లగా పొడి చల్లినట్టయి ముడుచుకుపోతాయి. మార్చి నుంచి మే దాకా తామర పురుగులు, నల్లి (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు). ఏ కాలానికి ఆ కాలం బాధ ఉంది కానీ మొక్కని నిజంగా చంపేది మొదటిదే. రెండు మూడు వానాకాలాలు వరసగా ఆకు రాల్చిన మొక్కకి బలం ఉండదు, తర్వాత కొమ్మలు పైనుంచి కిందికి నల్లబడి ఎండిపోతాయి. అందుకే రకం ఎంచుకునేటప్పుడు నల్లమచ్చని ఎంత తట్టుకుంటుందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

తెగులు తట్టుకునే రకం అంటే అసలు తెగులే రాదా?

వస్తుంది. తట్టుకోవడం అంటే నాలుగు మచ్చలు పడినా ఆకు రాల్చకపోవడం, రాల్చినా మళ్లీ త్వరగా చిగురు వేసుకోవడం. ఐస్‌బర్గ్ ఇలాంటిదే, వానల్లో కింద కొన్ని ఆకులు పోతాయి, పైన పూస్తూనే ఉంటుంది. ఒక్క మచ్చ కూడా లేని గులాబీ కావాలి అనుకుంటే మందార పెట్టుకోండి, నేను సీరియస్‌గానే చెబుతున్నా.

ఇంకోటి. నల్లమచ్చ శిలీంధ్రంలో చాలా జాతులున్నాయి. ఒక రకం జర్మనీలోని జాతిని తట్టుకున్నంత మాత్రాన మన దగ్గరి జాతిని తట్టుకోవాలని లేదు. విదేశీ కేటలాగులో ఆరోగ్యమైన మొక్క అని రాసి ఉంటే అది మంచి సూచన మాత్రమే, గ్యారంటీ కాదు.

పేర్లు కాస్త వివరంగా చెప్పండి.

ఐస్‌బర్గ్ 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్లు తీసిన ఫ్లోరిబండా. గుత్తులు గుత్తులుగా తెల్లటి పూలు, ముళ్లు తక్కువ, పిల్లలున్న ఇంటికి పనికొస్తుంది. వాసన పెద్దగా ఉండదు. దీని తీగ రకం కూడా దొరుకుతుంది, గేటు పక్కన కమాను ఉంటే పెట్టుకోవచ్చు. బెంగళూరులో లేఅవుట్ పార్కుల్లో, ఆఫీసు క్యాంపస్‌ల్లో తెల్లగా పూసే పొద ఏదైనా కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి, చాలాసార్లు ఇదే.

క్వీన్ ఎలిజబెత్ 1954 నాటి అమెరికా రకం. నిలువుగా, మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, కాబట్టి ముందు వరసలో పెట్టకండి, కాంపౌండ్ గోడ పక్కన పెట్టండి. ఆకు దళసరిగా, మెరుస్తూ ఉంటుంది. పువ్వు గొప్ప ఆకారం కాదు, కానీ ఎవరూ పట్టించుకోకపోయినా బతికే మొక్క. సెలవులకి ఊరెళ్లి నెల తర్వాత వచ్చేవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

గ్రూస్ అన్ టెప్లిట్జ్ 1897లో ఆస్ట్రో-హంగేరీలో రుడాల్ఫ్ గెష్‌విండ్ అనే ఆయన తీసింది. పేరు నోరు తిరగదు, నర్సరీలో రకరకాలుగా పలుకుతారు, పేరు లేకుండా కూడా అమ్ముతారు. ముదురు ఎరుపు, మంచి వాసన, పువ్వు కాస్త తల వంచుకుని ఉంటుంది. ఉత్తరాదిలో రేకుల కోసం, దండల కోసం ఎకరాలకెకరాలు ఇదే వేస్తారు. చలికాలంలో కొద్దిగా బూడిద పడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

చైనా గులాబీలు ఇంకా పాతవి. ఓల్డ్ బ్లష్, మ్యుటాబిలిస్ లాంటివి దొరికితే వదలకండి. వేడి ప్రాంతాల్లో ఇవి ఆకు రాల్చకుండా ఏడాది పొడుగునా పూస్తాయి. మ్యుటాబిలిస్ పువ్వు పసుపుగా విచ్చుకుని పింక్‌లోకి, తర్వాత ముదురు ఎరుపులోకి మారుతుంది, ఒకే పొద మీద మూడు రంగులు. రేకులు ఐదే, బొకే ఆకారం కావాలనుకునేవాళ్లకి నచ్చదు. నాకు నచ్చుతుంది.

అమెరికాలో విలియం రాడ్లర్ తీసిన నాకౌట్ 2000లో వచ్చింది, మందు కొట్టకుండా పెంచే గులాబీ అంటే అక్కడ దీని పేరే చెబుతారు. మన నర్సరీల్లో ఆ పేరుతో అమ్మేది అసలుదో కాదో చెప్పడం కష్టం, నమ్మకమైన చోట దొరికితేనే తీసుకోండి.

ఇక అందరూ అడిగే పెద్దపూల హైబ్రిడ్ టీలు. డబుల్ డిలైట్, పీస్, పాపా మీలాండ్, క్రిస్టియన్ డియోర్. పువ్వులు చూస్తే కళ్లు తిప్పుకోలేం, ఒప్పుకుంటా. కానీ డబుల్ డిలైట్, పీస్ నల్లమచ్చకి తేలిగ్గా లొంగుతాయి, క్రిస్టియన్ డియోర్‌కి బూడిద తెగులంటే ప్రాణం. మొదటి ఏడాది పది మొక్కలు పెడుతుంటే వీటిలో ఒక్కటి మాత్రం పెట్టుకోండి, అదీ పొద్దున ఎండ ముందుగా పడే చోట.

మన దేశంలో తయారైన రకాలు లేవా?

ఉన్నాయి, చాలామందికి తెలియదంతే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకి డైరెక్టర్‌గా చేసిన బి.పి. పాల్ గోధుమల శాస్త్రవేత్త, అయినా ఆయన మనసంతా గులాబీల మీదే. ఢిల్లీ ప్రిన్సెస్ లాంటివి ఆయన తీసినవే. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ అయితే సరిగ్గా మన సమస్య మీదే పనిచేశారు. యూరప్ గులాబీలు చలిదేశాల కోసం తయారయ్యాయి, వేడి దేశాలకి తగ్గవి కావాలంటే ఇక్కడి అడవి గులాబీల రక్తం కలపాలి అన్నది ఆయన ఆలోచన. బెంగాల్ తడి నేలల్లో, మౌంట్ ఆబూ దగ్గర దొరికే రోజా క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల్లోని రోజా జైగాంటియా, ఈ రెండిటితో ఆయన కొత్త రకాలు తీశారు. ఇవి మామూలు నర్సరీల్లో కనిపించవు, గులాబీ పిచ్చి ఉన్నవాళ్ల దగ్గరే దొరుకుతాయి.

మన ఊరి పక్కనే, హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల రకాలన్నీ అర్క పేరుతో మొదలవుతాయి. గులాబీల్లో అర్క పరిమళ, అర్క సవి లాంటివి ఉన్నాయి. బెంగళూరు గాలీ నీళ్లూ చూసిన మొక్కలు కదా, కనుక్కుని తెచ్చుకోవడంలో తప్పులేదు.

పూజకీ జడకీ పూలు కావాలి. పెద్ద పువ్వులు వద్దు.

అయితే మీ పని సులువు. ఎడ్వర్డ్ గులాబీ, బటన్ రోజ్, మిరాబుల్. కె.ఆర్. మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్మే చిన్న గులాబీల్లో మిరాబుల్ ఎక్కువగా కనిపిస్తుంది, చుట్టుపక్కల రైతులు పొలాల్లో వేసేది. వాన కింద, ఎండ కింద బతకాల్సిన పంట కాబట్టి గట్టిదే ఉంటుంది.

ఎడ్వర్డ్ సంగతి వేరు. మన ఊళ్లలో అమ్మమ్మల పెరట్లో ఉండే, పింక్‌లో ఘుమఘుమలాడే నాటు గులాబీ చాలాసార్లు ఇదే. పుట్టింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, 19వ శతాబ్దం మొదట్లో. మన దేశానికి వచ్చి ఇక్కడిదే అయిపోయింది. పువ్వు మధ్యాహ్నానికే రేకులు రాలుస్తుంది, కాబట్టి పొద్దున్నే కోసేయాలి. కొమ్మ ముక్క నాటినా వేరు పోసుకుంటుంది. అంటు లేదు కాబట్టి కింద నుంచి వేరే మొక్క లేచే గొడవ కూడా లేదు. గుల్కంద్ చేసుకుంటామంటే ఇదే, కానీ తినే రేకుల మీద ఏ పురుగుమందూ పడకూడదు.

మా ఆయనకి పసుపు గులాబీయే కావాలట.

పెట్టుకోండి, కానీ ముందే తెలుసుకుని పెట్టుకోండి. నేటి పసుపు గులాబీల్లో చాలావాటి వంశం 1900లో ఫ్రాన్స్‌లో పెర్నె-డ్యూషె విడుదల చేసిన సొలే దోర్ అనే రకం దాకా వెళ్తుంది. ఆ రంగు వచ్చింది పర్షియన్ ఎల్లో అనే గులాబీ నుంచి, రంగుతోపాటు నల్లమచ్చకి లొంగే గుణం కూడా అక్కడి నుంచే వచ్చింది. అందుకే పసుపు, నారింజ, రెండు రంగులు కలిసిన రకాల్లో ఆకులు త్వరగా పోతాయి. కొత్త రకాల్లో ఇది చాలావరకు తగ్గించారు, కానీ నర్సరీలో పేరు లేకుండా దొరికే పసుపు మొక్క కొత్తదో పాతదో ఎవరికి తెలుసు? ఒక్కటే కొని, కుండీలో పెట్టి, ఒక వానాకాలం గడిచాక నేలలోకి దించండి.

డచ్ రోజ్ అని నర్సరీవాళ్లు అమ్ముతున్నారు, పువ్వు అచ్చం బొకేలో ఉన్నట్టే ఉంది. మంచిదేనా?

పువ్వు మంచిది, మీ తోటకి మొక్క మంచిది కాదు. తాజ్‌మహల్, గోల్డ్ స్ట్రైక్, అవలాంచ్ లాంటి బొకే రకాలు పాలీహౌస్ కోసం, అంటే ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డు కోసం తయారైనవి. అక్కడ ఆకు మీద వాన చుక్క పడదు, డ్రిప్‌లో ఎరువు లెక్క ప్రకారం వెళ్తుంది, మందులు వేళ తప్పకుండా కొడతారు. కాడ పొడవు, బాక్సులో ఎన్నాళ్లు నిలుస్తుంది, ఇవి చూసి వాటిని ఎంచారు. బయట వానలో బతకగలవా అన్నది ఆ లెక్కలో అంతగా లేదు. హోసూరు, దొడ్డబళ్లాపుర వైపు పాలీహౌస్‌ల్లో కళకళలాడిన మొక్క మీ ఇంటి ముందు ఆగస్టుకి మోడుగా నిలబడితే అందులో మీ తప్పేమీ లేదు.

ఇంగ్లీష్ గులాబీలు, అదే డేవిడ్ ఆస్టిన్‌వి, తెప్పించుకుంటే?

ఖరీదు ఎక్కువ. ఇక్కడి వేడికి కొన్ని రకాలు పూయడం తక్కువ, పొడుగ్గా కొమ్మలు సాచడం ఎక్కువ. మొదటి ఏడాది వద్దు.

ఏడీఆర్ అని గుర్తు ఉన్న మొక్కలు మంచివంటారు, నిజమేనా?

ఆ గుర్తు జర్మనీది. అక్కడ పదకొండు చోట్ల మూడేళ్లపాటు మందు అనేదే కొట్టకుండా పెంచి, నిలబడిన రకాలకే ఇస్తారు. తర్వాత ఆ రకం బలహీనపడితే వెనక్కి తీసుకుంటారు కూడా. గులాబీల లోకంలో ఇంత కఠినమైన పరీక్ష అరుదు. కాబట్టి రెండు విదేశీ రకాల మధ్య తేల్చుకోలేకపోతే ఆ గుర్తు ఉన్నదాన్ని తీసుకోండి. కానీ ముందు చెప్పిందే మళ్లీ చెబుతున్నా, జర్మనీ వేసవి వేరు, మన వానాకాలం వేరు.

నర్సరీలో మొక్కని ఎలా చూడాలి?

పువ్వుని ముందు మర్చిపోండి. వంగి కింద చూడండి. కింది మూడో వంతులో ఆకులు ఉన్నాయా, రాలిపోయాయా? పైన నాలుగు పువ్వులుండి కింద బోడిగా ఉంటే ఆ మొక్క ఇప్పటికే ఒకసారి నల్లమచ్చతో ఆకు పోగొట్టుకుంది. పక్కన అదే రకంవి ఇంకో పది ఉంటాయి కదా, అన్నీ అలాగే ఉంటే రకమే బలహీనం, ఒక్కటే అలా ఉంటే ఆ మొక్క బలహీనం. ఈ తేడా నర్సరీలో తప్ప ఇంకెక్కడా ఇంత తేలిగ్గా తెలియదు.

తర్వాత అంటు కట్టిన చోటు వెతకండి. మట్టికి కొద్దిగా పైన కొమ్మ ఉబ్బి, వంపు తిరిగి ఉంటుంది. అక్కడ ప్లాస్టిక్ పట్టీ ఇంకా బిగిసి ఉంటే ఇంటికి తెచ్చాక విప్పేయాలి, లేకపోతే కొమ్మని కోసేస్తుంది. గరుకుగా, ముద్దగా గడ్డలు కడితే అది బాక్టీరియా వల్ల వచ్చే గడ్డ తెగులు, దానికి మందు లేదు, ఆ మొక్కని ముట్టుకోకండి, ముట్టుకున్న చేతులు కడుక్కోండి. అంటు పైన కనీసం రెండు మూడు కొమ్మలు, పెన్సిల్ లావున, ఆకుపచ్చగా ఉండాలి. కొమ్మల మీద తెల్లటి పొలుసులు అంటుకుని ఉంటే అవి పొలుసు పురుగులు. ఒక్క మొక్కతో ఇంటికి తెచ్చుకుంటే తోటంతా పాకుతాయి.

కవర్ కింద రంధ్రాల్లోంచి తెల్లటి వేర్లు కనిపిస్తే మంచిది. గోధుమరంగులో చుట్టలు చుట్టుకుని బయటికొచ్చేసి ఉంటే చాలాకాలంగా ఆ కవర్లోనే మగ్గుతోందని అర్థం. ఆకు తిప్పి అడుగు భాగం కూడా చూడండి, సన్నటి బూజు దారాలు, ధూళిలాంటి చుక్కలు కదులుతుంటే నల్లి ఉంది. ఇదంతా చేస్తుంటే నర్సరీ అబ్బాయి చిరాకు పడతాడు, పడనివ్వండి.

బోలెడన్ని కొమ్మలొచ్చాయి, పువ్వు మాత్రం లేదు. రకం మోసమా?

మోసం కాకపోవచ్చు, కింది మొక్క పైకి లేచి ఉంటుంది. దక్షిణాదిలో గులాబీ అంటు ఎక్కువగా రోజా మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ వేరు మీద కడతారు. అంటు కింద నుంచి చిగురొస్తే అది మీ రకం కాదు, ఆ అడవిదే. వదిలేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న పైకొమ్మని అణిచేసి అదే రాజ్యమేలుతుంది.

గుర్తుపట్టడం ఇలా. ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట రెండు పక్కలా సన్నటి పచ్చ పొర ఉంటుంది, గోటితో విడదీస్తే తెలుస్తుంది. మామూలు తోట గులాబీలో ఆ పొర అంచు నున్నగా ఉంటుంది. మల్టీఫ్లోరాలో ఆ అంచంతా దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది. ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. చాలామంది ఏడు ఆకులుంటే అడవిది, ఐదుంటే అసలుది అంటారు. అది ఎప్పుడూ నిజం కాదు, మంచి రకాల్లో కూడా ఏడు ఆకులు వస్తాయి. పొర చూడండి, లేదా కొమ్మ ఎక్కడి నుంచి లేచిందో మట్టి తీసి చూడండి. అంటు కింద నుంచైతే కత్తెరతో కోయకుండా మొదలంటా చీల్చి లాగేయాలి, కోస్తే అక్కడి నుంచే రెండు లేస్తాయి.

ఊరెళ్లినప్పుడు కడియం నుంచి తెచ్చుకోవచ్చా? చవకగా వస్తాయి.

తెచ్చుకోండి, కడియం మొక్కలకి వంక పెట్టలేం. కానీ వాటి వేరు చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉంటుంది. అది అక్కడ బాగుంటుంది. ఇక్కడి ఎర్రమట్టిలోనో కోకోపీట్ కుండీలోనో అలాగే పెట్టేస్తే ఆ ముద్ద ఎండి గట్టిపడిపోతుంది, మీరు పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, మధ్యలో వేరు మాత్రం పొడిగా ఉంటుంది. తెచ్చిన రెండు మూడు రోజులు నీడలో ఉంచి, తర్వాత ముద్దని బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి, బయటి మట్టి మూడో వంతు మెల్లగా రాలగొట్టి నాటండి. కారు డిక్కీలో వచ్చిన వెంటనే అదే సాయంత్రం నాటేయకండి.

ఎప్పుడు కొనడం మంచిది? లాల్‌బాగ్ ఫ్లవర్ షోలో కొందామనుకుంటున్నాం.

లాల్‌బాగ్‌లో షో ఏటా రెండుసార్లు, రిపబ్లిక్ డేకి ఒకటి, ఇండిపెండెన్స్ డేకి ఒకటి. జనవరి షోలో అన్నీ బాగుంటాయి, అదే ఇబ్బంది. ఆగస్టు షోకి వెళ్లినప్పుడు గ్లాస్‌హౌస్ దగ్గర క్యూ చూసి విసుగొస్తే, లోపలున్న గులాబీ తోట వైపు ఒకసారి నడవండి. వానల్లో ఏ పొదలు ఆకులతో ఉన్నాయో, ఏవి బోడిగా ఉన్నాయో ఫోన్లో ఫోటో తీసుకోండి. మళ్లీ సెప్టెంబరు చివర్లో ఓ ఆదివారం వెళ్లండి. ఇంతకంటే మంచి కేటలాగు ఉండదు.

అలా చూసుకుని అక్టోబరు చివర, నవంబరులో కొని నాటండి. వానలు తగ్గుముఖం పడతాయి, ఎండ మెత్తగా ఉంటుంది, వేరు పట్టడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. ఏప్రిల్‌లో నాటితే వేర్లు పట్టేలోపే ఎండకీ, తర్వాత మే వానలకీ చిక్కుతుంది.

మాది ఫ్లాట్, దక్షిణం వైపు బాల్కనీ. ఎండ చాలుతుందా?

చలికాలంలో చాలుతుంది, ఎండాకాలంలో చాలదు, వినడానికి వింతగా ఉన్నా అంతే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు, పైఫ్లోరు శ్లాబు మిగతాది అడ్డేస్తుంది. సరిగ్గా నల్లమచ్చ మొదలై పెరిగే నెలల్లో ఆకు ఆరదన్నమాట. అలాంటి చోట హైబ్రిడ్ టీల జోలికి పోకండి. బటన్ రోజ్, చిన్న పూల గుత్తులు వేసే పాలియాంథా అనే పొట్టి రకాలు గ్రిల్ అంచుకి దగ్గరగా పెట్టుకోండి. తూర్పు బాల్కనీ అన్నిటికంటే నయం, పొద్దున ఏడింటికే రాత్రి తడి ఆరిపోతుంది. రోజుకి ఆరు గంటల ఎండ ఉంటే ఏ రకమైనా ఆలోచించొచ్చు, నాలుగే ఉంటే గట్టి రకాలు మాత్రమే, రెండే ఉంటే గులాబీ వద్దు.

బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు పోస్తున్నాం. ఆకులు పసుపు అవుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

అది తెగులు కాదు, ఇనుము అందడం లేదు. గులాబీకి నేల పీహెచ్ 6, 6.5 దగ్గర ఉండాలి. ఇక్కడి ఎర్రమట్టి దానికి బాగానే సరిపోతుంది, కానీ ఉప్పునీళ్లు పోస్తూ పోతే మెల్లగా క్షారం పెరుగుతుంది. మల్టీఫ్లోరా వేరు దీన్ని అసలు తట్టుకోదు, రోజా ఇండికా ఒడొరాటా వేరు కాస్త తట్టుకుంటుంది. నర్సరీలో ఏ వేరు మీద కట్టారో అడగండి, చెప్పగలిగిన నర్సరీ అయితే అక్కడే కొనండి. వాన నీళ్లు సంపులోకి పట్టే ఏర్పాటు ఉంటే వాటిని గులాబీలకే వాడండి. చిలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము, తాత్కాలికంగా పచ్చదనం తెస్తుంది.

ఎంత దూరం పెట్టాలి?

పొద గులాబీలకి రెండున్నర అడుగులు, క్వీన్ ఎలిజబెత్ లాంటి పొడుగువాటికి మూడు, బటన్ రోజ్‌కి ఒక అడుగు, తీగలకి ఎనిమిది. గోడకి ఆనించకండి, వెనక గాలి ఆడాలి. దగ్గర దగ్గరగా పెడితే మొదటి ఆరు నెలలు తోట నిండుగా ఉంటుంది, వాన రాగానే ఒకదాని తడి ఇంకోదానికి అంటుకుంటుంది.

మంచి రకం పెడితే మందు కొట్టక్కర్లేదా?

చాలావరకు అక్కర్లేదు. పొద్దున పూట, మొక్క మొదలు దగ్గరే నీళ్లు పోయండి, ఆకుల మీద పైపుతో కొట్టకండి. రాలిన ఆకులు ఏరి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాలు పరిస్తే వాన చినుకు చిమ్మదు. బూడిద తెగులు మరీ ఎక్కువైతే నీళ్లలో కరిగే గంధకం పనిచేస్తుంది, కానీ 32 డిగ్రీలు దాటిన ఎండలో కొట్టకూడదు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా కొట్టకూడదు, ఆకు మాడిపోతుంది.

టీ పొడి, ఉల్లి తొక్కల నీళ్లు, గుడ్డు పెంకులు?

కంపోస్టులో వేయండి. తెగులుకి వీటికీ సంబంధం లేదు.

చెన్నైలో ఉన్న మా అక్కకి కూడా ఇవే చెప్పొచ్చా?

కొన్ని. అక్కడి వేడికి నల్లమచ్చ వేసవిలో అంత జోరుగా ఉండదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల్లోనే దాని గొడవ. మిగతా ఏడాది అసలు శత్రువు నల్లి, మే నెల వడగాలి. ఎడ్వర్డ్, ఆంధ్రా రెడ్, బటన్ రోజ్ అక్కడ బాగా నిలుస్తాయి. తేనాంపేటలో డాబా మీద పెంచుతుంటే మాత్రం మధ్యాహ్నం కాస్త నీడ చూసుకోమనండి, కుండీ ఉడికిపోతుంది.

రెండేళ్లుగా చూస్తున్నాం, ఒక మొక్క ప్రతి వానాకాలం ఆకులన్నీ రాలుస్తోంది. తీసేయాలా?

తీసేయండి. మిగతా వాటికి తెగులు పంచేది అదే. ఎవరో ఇచ్చారనో, పిల్లాడి పుట్టినరోజుకి నాటామనో ఆగుతారు చాలామంది, అలాంటిదైతే కుండీలోకి మార్చి దూరంగా, వాన పడని చోట ఉంచుకోండి.

తీసేసిన గుంతలో ఇంకో గులాబీ పెట్టొచ్చా?

వెంటనే వద్దు. గులాబీ చాలాకాలం ఉన్న మట్టిలో కొత్త గులాబీ ఎదగకుండా కుంగిపోతుంది, కారణం పాత వేర్ల చుట్టూ పెరిగిన శిలీంధ్రాలు, నులిపురుగులు. అక్కడే పెట్టక తప్పదంటే అడుగున్నర లోతు, అంతే వెడల్పు మట్టి తీసేసి కూరగాయల మడికి వాడుకోండి, గుంతలో కొత్త ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. లేకపోతే ఒక ఏడాది ఆ చోట బంతి వేసి, వచ్చే నవంబరులో చూసుకోవచ్చు.